రాగి రంగు వచ్చేదాకా పొయ్యి కట్టొద్దు: ఇంట్లో కారమెల్ మిల్క్‌షేక్

కారమెల్ మిల్క్‌షేక్‌లో కష్టమంతా పాకం దగ్గరే. షేక్ కొట్టడం అర నిమిషం పని. అందుకే నేను చెప్పేదాంట్లో ఎక్కువ భాగం పాకం సంగతే.

పాకం మనకు కొత్తేం కాదు. కాజాలకు తీగపాకం, అరిసెలకు ఉండపాకం. మా అమ్మ గిన్నెడు నీళ్లలో ఓ చుక్క వేసి, వేలితో నొక్కి చూసి చెప్పేస్తుంది. చిక్కేమిటంటే, రంగు మారడం మొదలవగానే పాకం పాడైపోయిందని పొయ్యి కట్టేయడం మన చేతికి అలవాటు. కారమెల్ మొదలయ్యేదే అక్కడ. తీగపాకం 105-110 డిగ్రీల దగ్గర వచ్చేస్తుంది. కారమెల్ కావాలంటే 160 దాటాలి. అప్పటిదాకా పంచదారకు ఉన్నది తీపి ఒక్కటే. ఆ వేడికి పంచదార విరిగి, కమ్మటి వాసన, కాస్త చేదు పుడతాయి. ఆ చేదు లేకపోతే షేక్ ఉత్త తియ్యటి పాలే.

పాకానికి 200 గ్రాముల పంచదార, పావు కప్పు నీళ్లు, 50 గ్రాముల ఉప్పు లేని వెన్న, అర కప్పు క్రీమ్ తీసుకోండి. రెండు మూడు సార్లకు సరిపోతుంది. కొన్న క్రీమ్ బదులు ఇంటి మీగడ వాడొచ్చు. అయితే వెన్న కోసం తోడు వేసి దాచుకున్న మీగడ పనికిరాదు, పులుపు తెలుస్తుంది. ఆ రోజు పాల మీద తీసిన మీగడనే ఉండలు లేకుండా గిలక్కొట్టండి.

గిన్నె స్టీలుది, లోతుగా, అడుగు మందంగా ఉండాలి. నల్లటి నాన్‌స్టిక్ గిన్నెలో రంగు కనిపించదు. మనకు కావలసిందేమో రంగే. పంచదార, నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, కరిగేదాకా కలిపి, మరగడం మొదలయ్యాక గరిటె పక్కన పెట్టేయండి. ఇక కలపకూడదు. గిన్నె అంచుకు అంటిన ఒక్క పలుకు లోపల పడినా పాకమంతా తిరిగి పంచదారైపోతుంది. రెండు నిమిషాలు మూత పెడితే ఆవిరికి ఆ పలుకులు కరిగి జారిపోతాయి. నిమ్మరసం కూడా పాకం గడ్డకట్టకుండా ఉండడానికే.

మూత తీసి, మధ్యస్థం మంట మీద చూస్తూ ఉండండి. ముందు పెద్ద పెద్ద బుడగలు, తర్వాత చిన్నవి. ఒక మూల లేత పసుపు కనిపిస్తుంది. గిన్నె పట్టుకుని మెల్లగా తిప్పితే రంగు అంతటా పరుచుకుంటుంది. పసుపు తేనె రంగవుతుంది. ఇక్కడే చాలామంది ఆపేస్తారు. ఇంకో అర నిమిషం ఉండండి. తోమిన రాగి చెంబు రంగు వచ్చి, సన్నటి పొగ తీగ లేచి, ముక్కుకు కమ్మగా తగిలినప్పుడు పొయ్యి కట్టేయండి. అక్కడి నుంచి మాడడానికి క్షణాలు చాలు. ఫోన్ మోగినా తీయొద్దు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు. ఈ పాకం ఒంటి మీద పడితే అంటుకుని కాలుస్తుంది, మరిగే నీళ్లకన్నా ప్రమాదం.

వెంటనే వెన్న వేసి కలపండి. తర్వాత గోరువెచ్చగా చేసి ఉంచుకున్న క్రీమ్ కొద్దికొద్దిగా పోయండి. అందులోని నీరు ఒక్కసారిగా ఆవిరై బుస్సుమని పొంగుతుంది. లోతు గిన్నె అన్నది ఇందుకే. చల్లటి క్రీమ్ పోస్తే పాకం గడ్డకడుతుంది. అలా కట్టినా పారేయకండి, సన్న సెగ మీద కలిపితే కరిగిపోతుంది. చివర పావు చెంచా ఉప్పు. చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం పది రోజులుంటుంది.

బెల్లంతో చేయొచ్చా అని మా ఆడపడుచు అడిగింది. చేయకపోవడమే మంచిది. బెల్లం ఆ వేడికి రాకముందే మాడుతుంది, పైగా వేడి పాలకు తగిలితే విరుగుతాయని పాయసం చేసే వాళ్లందరికీ తెలుసు.

ఇక షేక్. ఐస్ ముక్కలు వేయొద్దు, కరిగి పలచన చేస్తాయి. ముందు రోజు రాత్రే కాచి చల్లార్చిన పాలు ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించుకోండి. వెన్న తీయని ఫుల్ క్రీమ్ పాలైతే, అంటే 6 శాతం కొవ్వున్నవైతే, చిక్కదనం దానంతటదే వస్తుంది. రెండు గ్లాసులకు: చల్లటి పాలు ఒక కప్పు, పాల ముక్కలు ఆరు, వెనీలా ఐస్‌క్రీమ్ మూడు స్కూపులు, కారమెల్ నాలుగు పెద్ద చెంచాలు. ఐస్‌క్రీమ్ కొనేటప్పుడు డబ్బా చదవండి. ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులో పాలకొవ్వు బదులు నూనె ఉంటుంది, నాలుకకు జిడ్డు తగులుతుంది.

మిక్సీలో ముందు పాలు, కారమెల్, పాల ముక్కలు వేసి నలగ్గొట్టండి. ఐస్‌క్రీమ్ ఆఖర్న వేసి పది సెకన్లు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే మిక్సీ వేడికి కరిగి నీళ్లవుతుంది. పెద్దవాళ్ల గ్లాసులో నేను ఒక చెంచా చిక్కటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్ కలుపుతాను. కారమెల్ చేదుకు అది చక్కగా తోడవుతుంది.

పాకం గిన్నెను గీకొద్దు. నిండా నీళ్లు పోసి మరిగిస్తే అంటినదంతా దానంతటదే కరిగిపోతుంది.