నిజాం కాలపు పంతుళ్ల కాగితాలు: తార్నాక ఆర్కైవ్స్‌లో దరఖాస్తు చేసే ముందు

ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావాల్సింది ఈమధ్య రిటైరైన టీచరు సర్వీస్ రిజిస్టరు అయితే తార్నాక దాకా రానక్కర్లేదు. ప్రాథమిక పాఠశాల అయితే ఎంఈఓ ఆఫీసు, హైస్కూల్ అయితే హెడ్మాస్టరు. అక్కడ పని కాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. 30 రోజుల్లో జవాబు రావాలి.

తాతగారో ముత్తాతగారో నిజాం సర్కారు బడిలో పనిచేసి ఉంటే, అప్పటి విద్యాశాఖ కాగితాల కోసం వెతకాల్సింది హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో. డైరెక్టర్ పేరిట తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఆధార్ నకలు జతచేయండి. పీహెచ్‌డీ వాళ్లయితే యూనివర్సిటీ నుంచి పరిచయ లేఖ కూడా తెచ్చుకోండి. ఫోన్‌తో ఫొటోలు తీయడానికి విడిగా అడగాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఇదంతా ఒక పూట పని.

చిక్కంతా దరఖాస్తులో రాసే సంవత్సరం దగ్గర.

నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర వాళ్ల తాతగారి నియామకం కాగితం ఉంది. ఉర్దూలో ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. ‘ఖుర్దాద్ 1340’ అన్నది మాత్రం స్పష్టంగా కనబడుతోంది. ఫైలు తీయిస్తానని ఐదు వేలు తీసుకున్న ఒకతను 1340ని హిజ్రీ, అంటే ముస్లిం క్యాలెండర్ సంవత్సరం అనుకుని, ఫోన్‌లో లెక్కవేసి 1922 అని రాసేశాడు. తాతగారు అప్పటికింకా పలక పట్టుకుని బడికి వెళ్తున్న పిల్లాడు! ఫైలు ఎలా దొరుకుతుంది?

అది ఫస్లీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. హైదరాబాద్ సంస్థానంలో ఆఫీసులు నడిచింది ఆ లెక్క మీదే. ఏడాది అక్టోబర్ మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే 1340 ఫస్లీ 1930 అక్టోబర్‌లో మొదలై 1931 అక్టోబర్ దాకా నడిచింది. ఖుర్దాద్ వేసవిలో పడుతుంది కాబట్టి ఆ ఉత్తర్వు 1931 నాటిది. గుర్తుపట్టడం తేలికే: పక్కన ముహర్రం, రంజాన్ లాంటి నెల ఉంటే హిజ్రీ, ఆజుర్, దై, బహమన్, ఖుర్దాద్ ఉంటే ఫస్లీ. దరఖాస్తులో ఫస్లీ, ఇంగ్లీషు సంవత్సరాలు రెండూ రాయండి. జిల్లా, తాలూకా, బడి పేరు, ఆయన హోదా తప్పకుండా ఉండాలి. పాత కాగితాల్లో టీచరుని ‘ముదర్రిస్’ అని, హెడ్మాస్టరుని ‘సదర్ ముదర్రిస్’ అని రాసేవాళ్లు. పేరు ఉర్దూలో ఎలా రాశారో కూడా జతచేస్తే వెతికేవాళ్లకి సగం పని తగ్గుతుంది.

ఉర్దూ రాదని టెన్షన్ పడకండి. మీ వీధిలో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కాగితం చూపించండి. మా పెద్దాయనకి చివరికి చదివిపెట్టింది ఎదురింటి రిటైర్డ్ టీచరమ్మే, చాయ్ చల్లారేలోపు. కాకపోతే చేతిరాత ‘షికస్తా’ (అక్షరాలు కలిపేసే ఉర్దూ గొలుసుకట్టు రాత) అయితే ఆమెకే కాదు, చాలామందికి కష్టం. అలాంటప్పుడు ఫొటోస్టాట్ తీసి, ఆ కాపీ దరఖాస్తుతో పెట్టండి. అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వద్దు.