‘రిడ్యూస్’ అనే ఇంగ్లిష్ క్రియను సరిగ్గా వాడటం ఎలా?

విశాఖపట్నంలో ఇంగ్లిష్ రాయవలసిన అవసరం తరచుగా పడేవారు, అంటే ఉక్కు కర్మాగారంలోనో ఓడరేవులోనో ఉద్యోగాలు చేసేవారూ, ద్వారకానగర్ శిక్షణ కేంద్రాలలో పోటీ పరీక్షలకు చదువుకునేవారూ, ‘తగ్గు’ అనే మాట మనసులోకి రాగానే ‘రిడ్యూస్’ అని రాసేస్తుంటారు. చాలా చోట్ల అది ఒప్పే అవుతుంది. ఒప్పు కాని చోట్లను పట్టుకోవడానికి వ్యాకరణ సూత్రాలు బట్టీపట్టనక్కరలేదు, మన తెలుగు వాక్యాన్నే కాస్త నిదానంగా చూసుకుంటే చాలు.

మొదట: ‘తగ్గు’ నా, ‘తగ్గించు’ నా?

రాయబోయే వాక్యాన్ని ముందు తెలుగులో పూర్తిగా చెప్పుకొని, క్రియ ఏదో చూడండి. అది ‘తగ్గించు’ అయితే, అంటే ఎవరో ఒకరు దేనినో తగ్గిస్తూ ఉంటే, ‘రిడ్యూస్’ నిస్సంకోచంగా రాయవచ్చు. ‘యజమాని అద్దె తగ్గించాడు’ అన్నదానికి ‘ది ఓనర్ రిడ్యూస్డ్ ది రెంట్’ అన్నది చక్కని వాక్యం. తగ్గించినవారి పేరు చెప్పకుండా ‘ది రెంట్ వాజ్ రిడ్యూస్డ్’ అన్నా సరిపోతుంది, ఎందుకంటే ఎవరో తగ్గించారన్న అర్థం ఆ వాక్యంలోనే ఉంది.

తెలుగు క్రియ ‘తగ్గు’ అయితే మాత్రం మరో మాట వెతుక్కోవడం మంచిది. జ్వరం తనంతట తాను తగ్గితే ‘ది ఫీవర్ హాజ్ కమ్ డౌన్’ అంటారు, వాన తగ్గితే ‘ది రెయిన్ హాజ్ ఈజ్డ్’ అంటారు, రొయ్యల ధర తగ్గితే ‘ఫెల్’ అనో ‘డిక్రీజ్డ్’ అనో రాస్తారు. తుపాను బలం తగ్గినప్పుడు వాతావరణ శాఖ ఇంగ్లిష్ ప్రకటనలలో ‘వీకెన్డ్’ అని కనిపిస్తుందే తప్ప ‘రిడ్యూస్డ్’ అని కనిపించదు. చాలా రోజుల తరువాత కలిసిన బంధువును ‘బాగా తగ్గావు’ అని పలకరించే అలవాటు మనకు ఉంది కనుక, అదే ఊపులో ‘యూ హావ్ రిడ్యూస్డ్’ అనేస్తాము. మన మధ్య అది అర్థమవుతుంది గానీ, బయటివారికి ‘యూ హావ్ లాస్ట్ వెయిట్’ అంటేనే సహజంగా వినిపిస్తుంది.

ఈ నియమానికి వంటింట్లో ఒక మినహాయింపు ఉంది. ఇంగ్లిష్ వంటకాల వివరణలో ‘లెట్ ది సాస్ రిడ్యూస్’ అని ఉంటే, మూత తీసి, నీరు ఆవిరైపోయి పులుసు దగ్గరపడేవరకు మరగనివ్వమని అర్థం. మనం ఇగరబెట్టడం అనేది అచ్చంగా ఇదే. రొయ్యల ఇగురు చేసేవారికి ఈ అర్థాన్ని వేరే నేర్పనవసరం లేదు. ఇక్కడ మాత్రం సాసు తనంతట తాను ‘రిడ్యూస్’ కావచ్చు.

తరువాత: ‘బై’ నా, ‘టు’ నా?

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఇక్కడే, ఎందుకంటే ఈ చిన్న మాట మారితే లెక్కే మారిపోతుంది. పూర్ణా మార్కెట్లో 800 రూపాయల చీరకు దుకాణదారు ‘200 తగ్గించాను’ అంటే మీరు 600 ఇవ్వాలి, ‘200కి తగ్గించాను’ అంటే 200 ఇస్తే చాలు. తెలుగులో ‘కి’ చేసే పనిని ఇంగ్లిష్‌లో ‘టు’ చేస్తుంది, ‘కి’ లేని చోట ‘బై’ వస్తుంది. అంటే తగ్గిన మేరకు ‘బై’, తగ్గగా మిగిలినదానికి ‘టు’, అంతకుముందు ఉన్నదానికి ‘ఫ్రమ్’ రాయాలి.

ఇంటి విద్యుత్ లోడును 5 కిలోవాట్ల నుంచి 3 కిలోవాట్లకు మార్చమని దరఖాస్తు రాస్తున్నారనుకుందాం. ‘ప్లీజ్ రిడ్యూస్ ది లోడ్ ఫ్రమ్ 5 కిలోవాట్స్ టు 3 కిలోవాట్స్’ అని రాయాలి. ‘బై 3 కిలోవాట్స్’ అని రాస్తే మీరు కోరుతున్నది 2 కిలోవాట్ల లోడు అవుతుంది. దరఖాస్తులలో ‘ఫ్రమ్’, ‘టు’ రెండూ రాయడమే క్షేమం, సందేహానికి తావుండదు.

శాతాల విషయంలో మరో చిక్కు ఉంది. వడ్డీ 10 శాతం నుంచి 8 శాతానికి దిగితే తగ్గినది 2 శాతం కాదు, 2 శాతాంశాలు. పాత వడ్డీతో పోల్చి శాతంగా చెప్పాలంటే 20 శాతం తగ్గినట్లు. అటువంటి చోట ‘రిడ్యూస్డ్ బై 2 పర్సెంటేజ్ పాయింట్స్’ అని రాయడం సరైన పద్ధతి.

ఆ తరువాత: తగ్గడం లేని ‘రిడ్యూస్’ను గుర్తించడం

ఈ క్రియకు మూలమైన లాటిన్ మాటకు వెనుకకు నడిపించి తేవడం అని అర్థం. ఒకదానిని మరొక స్థితికి తేవడం అనే ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది కనుక, చదివేటప్పుడు ‘తగ్గించు’ అని పెట్టి చూస్తే వాక్యం పొసగకపోతే, ‘ఆ స్థితికి తెచ్చు’ అని పెట్టి చూడండి.

పోలీసు స్టేషన్లో నోటిమాటగా ఇచ్చిన ఫిర్యాదును అధికారి ‘రిడ్యూస్ టు రైటింగ్’ చేయాలని చట్టం చెబుతుంది. అంటే రాతలో పెట్టి, ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్‌లో ఉన్న ఈ మాట, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోనూ అలాగే ఉంది. ఫిర్యాదును కుదించి రాయడమని దీనిని అపార్థం చేసుకోకూడదు.

ఆసుపత్రి కాగితాలలో ‘క్లోజ్డ్ రిడక్షన్’ అని ఉంటే, విరిగిన లేదా తప్పుకున్న ఎముకను కోత లేకుండా తిరిగి దాని స్థానంలోకి తెచ్చారని అర్థం. ‘ఓపెన్ రిడక్షన్’ అంటే అదే పనిని శస్త్రచికిత్స ద్వారా చేయడం. ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్ లాగేసుకొని లోహాన్ని మిగల్చడం కూడా రిడక్షనే, మన పాఠ్యపుస్తకాలు దానిని క్షయకరణం అంటాయి. రసాయనశాస్త్రంలో ఎలక్ట్రాన్లు పొందడాన్ని కూడా ఇదే మాటతో పిలుస్తారు. పొందడాన్ని క్షయకరణం అంటారేమిటని తికమకపడే విద్యార్థులు, ఇనుము ఆక్సీకరణ సంఖ్య 3 నుంచి సున్నాకు దిగడాన్ని గమనిస్తే చాలు. గణితంలో 12/16ను 3/4గా సూక్ష్మీకరించడానికీ ఇదే క్రియ వాడతారు, అక్కడ విలువ రవ్వంత కూడా తగ్గదు.

మనుషుల విషయంలో ‘రిడ్యూస్డ్ టు’ అంటే దాదాపు ఎప్పుడూ దిగజారిన స్థితే. ‘హి వాజ్ రిడ్యూస్డ్ టు సెల్లింగ్ హిజ్ బోట్’ అంటే పడవ అమ్ముకోవలసిన గతి పట్టిందని. ఇక్కడ ‘టు సెల్’ అని రాయకూడదు, ‘టు’ తరువాత ‘సెల్లింగ్’ వంటి రూపమో, ‘టియర్స్’, ‘యాషెస్’ వంటి నామవాచకమో రావాలి.

మాట్లాడేటప్పుడు

ఘాట్ రోడ్డు పక్కన బోర్డు మీద ‘రిడ్యూస్ స్పీడ్’ అన్నది బాగానే ఉంటుంది, ఎందుకంటే అది రాతలో ఇచ్చిన ఆదేశం. అరకు దారిలో డ్రైవరుకు చెప్పేటప్పుడు మాత్రం ‘స్లో డౌన్’ అనాలి. అలాగే టీవీ శబ్దానికి ‘టర్న్ ఇట్ డౌన్’, తీపి తినడం తగ్గించడానికి ‘కట్ డౌన్ ఆన్ షుగర్’, గొంతుకు ‘లోయర్ యువర్ వాయిస్’ అనడం సహజం. నొప్పి, భయం, ప్రమాదం వంటివాటి తీవ్రతను తగ్గించడానికి ‘రిడ్యూస్’తో పాటు ‘లెసెన్’ కూడా నప్పుతుంది. ‘రిడ్యూస్ డౌన్’ అనడం మాత్రం అనవసరం, తగ్గించడంలోనే ‘డౌన్’ ఉంది.

నామవాచక రూపం ‘రిడక్షన్’ రాసేటప్పుడు, తగ్గినది ఏదో చెప్పడానికి ‘ఇన్’, ఎంత తగ్గిందో చెప్పడానికి ‘ఆఫ్’ వాడాలి. ‘ఎ రిడక్షన్ ఆఫ్ 200 రుపీస్ ఇన్ ది ప్రైస్’ అన్నట్లుగా. పలికేటప్పుడు ఊనిక ‘డ్యూస్’ మీద ఉండాలి. భూతకాల రూపాన్ని ‘రెడ్యూసెడ్’ అని సాగదీయకుండా, చివర ‘ట’కారం వినిపించేలా ‘రిడ్యూస్ట్’ అని పలకాలి.