పోర్చుగీసు సాహిత్య పరిశోధన: గ్రంథాలయానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

• రచయిత ఇంటిపేరు ఏదో ముందే తేల్చుకోండి. బ్రెజిల్ రచయిత మషాదు ది అసీస్ పుస్తకాలు కొన్ని కేటలాగుల్లో 'అసీస్' కింద, మరికొన్నింటిలో 'మషాదు' కింద ఉంటాయి. రెండూ వెతకాలి. పోర్చుగల్ నవలాకారుడు ఎసా ది కైరోస్ ఇంటిపేరు చివర ఎస్ కావచ్చు, జెడ్ కావచ్చు.

• పాత అక్షరక్రమం అసలు చిక్కు. పోర్చుగల్ 1911లో దాన్ని సంస్కరించింది. అంతకుముందు ఇప్పటి ఎఫ్ స్థానంలో చాలా మాటల్లో పీహెచ్ రాసేవారు. 'ఫిలొసొఫియా' అని కొత్త పద్ధతిలోనే వెతికితే పాత ముద్రణ శీర్షికలు తప్పిపోవచ్చు. బ్రెజిల్ మార్పులు వేరే కాలంలో వచ్చాయి కాబట్టి రెండు దేశాలనూ ఒకే గాటన కట్టవద్దు.

• పోర్చుగల్ కవి పెస్సోవా మీద పని అయితే, ఆయన రాసిన కాయిరు, రైస్, కాంపుస్ అనే మారుపేర్లతోనూ వెతకండి.

• లిస్బన్ జాతీయ గ్రంథాలయానికి పొర్బాసి అనే ఆన్‌లైన్ కేటలాగు, రియోలోని జాతీయ గ్రంథాలయానికి పత్రికల డిజిటల్ భాండాగారం ఉన్నాయి. టికెట్టు కొనే ముందే వీటిని జల్లెడ పట్టండి.

• జూన్ 10 పోర్చుగల్‌లో సెలవు. కార్నివాల్ వారంలో రియో ప్రయాణం పెట్టుకోవద్దు.

• మనకు దగ్గరలో పణజిలోని గోవా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. గోవాలో అచ్చయిన పోర్చుగీసు రచనలకు, నా మటుకు, మొదటి మజిలీ అదే.

• పుస్తకం పేరుతో పాటు కాల్ నంబరు (అరలో పుస్తకం చోటు చూపే గుర్తు), ముద్రణ సంవత్సరం కూడా రాసుకోండి.