ఊరెళ్లే ముందు సేఫ్ బిగిస్తున్నారా?

డిసెంబర్‌కి ఇండియా టికెట్లు తీసుకోగానే మా డాలస్ వైపు తెలుగువాళ్లకి ఇంకో టెన్షన్ మొదలవుతుంది. నాలుగు వారాలు ఇల్లు ఖాళీ, మరి బంగారం ఎక్కడ పెట్టాలి? మనవాళ్ల ఇళ్లల్లో నగలుంటాయని దొంగలకీ తెలుసు. బ్యాంకు లాకర్ దొరకని వాళ్లు చాలామంది చివరికి గన్ సేఫ్ (తుపాకులు దాచుకునే పెద్ద ఉక్కు బీరువా) దగ్గరికే వస్తారు. అది కొనాలంటే గన్ ఉండక్కర్లేదు. పైగా హెచ్1బీ మీద ఉన్నవాళ్లు గన్ దగ్గర పెట్టుకోవడం, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గన్ లేని సేఫ్‌కి ఆ గొడవ లేదు. వడ్డాణం, కాసులపేరు పెట్టుకోండి.

షాపులో ముందు చెప్పేది ఎన్ని గన్స్ పడతాయో, మంటకి ఎన్ని నిమిషాలు ఆగుతుందో. మీరు ముందు అడగాల్సింది రేకు మందం. 12 గేజ్ అంటే సుమారు 2.7 మిల్లీమీటర్లు, 10 గేజ్ అంటే 3.4. అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది. యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ ఇళ్లల్లో వాడే సేఫులకిచ్చే ఆర్ఎస్‌సీ స్టిక్కర్ ఉంటే మంచిదే. కానీ మొదటి స్థాయిలో దానర్థం, ఒక మనిషి చేతి పనిముట్లతో 5 నిమిషాలు కుస్తీ పట్టినా తెరుచుకోలేదని. అంతే. అలారం మానేయకండి.

మంట లెక్క బంగారం కోసం కాదు, కాగితాల కోసం. శుద్ధమైన బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెల్సియస్ కావాలి, కాగితం 177 దాటితే మాడడం మొదలవుతుంది. చాలా సేఫుల గోడల్లో ఉండేది జిప్సం బోర్డే. వేడికి అందులోని నీరు ఆవిరై లోపలిని చల్లగా ఉంచుతుంది, అదే ఆవిరి లోపలున్నవాటిని తడిపేస్తుంది కూడా. పాస్‌పోర్టులు, ఊళ్లో పొలం కాగితాలు జిప్ కవర్లో పెట్టి సీల్ చేయండి.

ఇక అసలు ప్రమాదం మోయడంలో ఉంది. బిర్యానీ ఆశ చూపి ఫ్రెండ్స్‌ని పిలిచే అలవాటు మనది. నేనూ అదే చేశాను. సుమారు 300 కిలోల సేఫ్, గరాజ్ నుంచి ఇంట్లోకి ఒక్కటే మెట్టు. నలుగురం కలిసి ట్రాలీ మీద ఎత్తేసరికి అది తలుపు వైపుకి ఒరిగింది. సేఫ్‌కి తలుపు వైపే బరువెక్కువ, ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఒకడు "వదిలెయ్ రా!" అని అరిచాడు, అందరం వెనక్కి దూకాం. టైల్ పగిలింది, కాళ్లు దక్కాయి. పడుతున్న సేఫ్‌ని పట్టుకోవాలని చూడకండి. మెట్ల మీద దాని కింది వైపు ఎవరూ నిలబడకూడదు. తలుపు ఊడదీసే మోడల్ అయితే ముందు అది తీసేయండి.

మర్నాడు సేఫ్ మూవర్స్‌ని పిలిచాను. ఇద్దరే వచ్చారు. మెట్టు ఎక్కించడానికి వాళ్ల దగ్గర మెషీన్ ఉంది. లోపల టైల్స్ మీద మాత్రం ఇనప కడ్డీతో కాస్త ఎత్తి, అడుగున గోల్ఫ్ బంతులు దొర్లించి, షాపింగ్ బండిలా అరచేత్తో తోసుకుంటూ పోయారు. మా నలుగురి బిర్యానీ ఖర్చు దండగ.

బుక్ చేసేటప్పుడు ఒకటి అడగండి: డెలివరీ ఇంట్లోకా, రోడ్డు పక్కకా? చవకగా వచ్చేది రెండోదే. గుమ్మం కొలిచేటప్పుడు సేఫ్ హ్యాండిల్ కూడా లెక్కలోకి తీసుకోండి. మేడ మీద బెడ్‌రూమ్ చెక్క దూలాల మీద పెట్టాలనుకుంటే ఇంజనీర్‌ని అడగనిదే వద్దు. కింద క్లోజెట్ మూల మంచిది. గడ్డపార వేసి తిప్పడానికి దొంగకి చోటుండదు.

ఇంత బరువుంటే ఎవడు ఎత్తుకెళ్తాడని నేలకి బిగించకుండా వదిలేస్తారు. ఎత్తుకెళ్లక్కర్లేదు. వెల్లకిలా పడేస్తే తలుపు సందులో గడ్డపారల మీద ఇద్దరు దొంగలు ఒళ్లు బరువంతా వేయగలరు. బోల్టులు తప్పనిసరి. కానీ డ్రిల్ అందుకునే ముందు ఆగండి. మా వైపు చాలా ఇళ్ల పునాది పోస్ట్ టెన్షన్ స్లాబ్. కాంక్రీటు లోపల ఒక్కో ఉక్కు కేబుల్‌ని పది టన్నులకి పైగా బలంతో లాగి ఉంచుతారు. డ్రిల్ దానికి తగిలితే మనిషి ప్రాణానికే ముప్పు, పునాదికీ నష్టం. గరాజ్ నేల మీద 'కోయవద్దు, రంధ్రం చేయవద్దు' అన్న ముద్ర ఉందేమో చూడండి. ముద్ర లేకపోయినా కేబుల్స్ ఎక్కడున్నాయో స్కాన్ చేయించాకే రంధ్రం వేయించండి. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి కావాలి.

కాంక్రీటు చెమ్మకి అడుగు తుప్పు పడుతుంది, కింద రబ్బరు మ్యాట్ వేయండి. నగలకి ఇన్సూరెన్స్ విడిగా రాయించండి, మామూలు హోమ్ పాలసీల్లో నగల దొంగతనానికి తరచుగా 1,500 డాలర్లే పరిమితి. పిల్లలున్న ఇంట్లో సేఫ్ తలుపు ఒక్క నిమిషం కూడా తెరిచి వదలొద్దు, దాగుడుమూతలకి అంతకన్నా మంచి చోటు వాళ్లకి కనపడదు.

ప్రయాణం ముందు రోజు లాక్‌కి కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేయండి. తలుపు తెరిచి ఉంచే, కోడ్ కొట్టి లాక్ మూడుసార్లు వేసి తీసి చూడండి. ఆ తర్వాతే మూయండి.