షవర్ ధార పెంచుకోబోయే ముందు: గోడలోంచి వచ్చే పైపు కదలకూడదు

పోయిన నెల మా భవనంలో మూడో అంతస్తులో అద్దెకుంటున్న ఒక యువకుడు, షవర్ నీళ్లు మరీ సన్నగా వస్తున్నాయని ఒక స్పానర్ తెచ్చుకుని, పాత షవర్ హెడ్ విప్పేసి కొత్తది బిగించుకున్నాడు. ధార బాగానే పెరిగింది. పదకొండో రోజున కింది ఇంటి పడకగది పైకప్పు మీద కంచమంత తడి మచ్చ తేలింది. మర్నాటి రాత్రి అక్కడి పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ సమయానికి మంచం మీద ఎవరూ లేరు. పై ఇంటి టైల్స్ పగలగొట్టి చూస్తే, గోడ లోపల షవర్ పైపు ఎల్బోలోకి (మలుపు దగ్గర పైపులను కలిపే ముక్క) దిగే మర దగ్గర నీరు కారుతోంది. రెండిళ్ల మరమ్మతు ఖర్చూ అతని అడ్వాన్సులోంచే పోయింది.

ఆ యువకుడు నిర్లక్ష్యంగా పని చేయలేదు. వాల్వు కట్టాడు, మర మీద నీరు కారకుండా చుట్టే టెఫ్లాన్ టేపు చుట్టాడు, బిగించాక షవర్ హెడ్ దగ్గర ఒక్క చుక్క కూడా కారడం లేదని చూసుకున్నాడు. ఒక్కటే పొరపాటు చేశాడు. హెడ్ విప్పేటప్పుడు గోడలోంచి వచ్చే పైపును రెండో చేత్తో కదలకుండా పట్టుకోలేదు. అపార్టుమెంట్ల నిర్వహణ పనిలో ఉన్నందువల్ల ఇలాంటి గోడలు చాలా పగలగొట్టించాను. వాటిలో ఎక్కువ భాగానికి కారణం ఇదే.

కారణం తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. గోడలోంచి వచ్చే ఆ వంపు పైపుకు రెండు చివర్లా మరలుంటాయి. ఒక చివర గోడ లోపలి ఎల్బోలోకి, రెండోది షవర్ హెడ్‌లోకి బిగిసి ఉంటాయి. హెడ్‌ను ఏ వైపు తిప్పితే ఊడుతుందో, పైపు కూడా అదే వైపు తిరిగితే గోడలోంచి వదులవుతుంది. ఏళ్ల తరబడి సున్నం పట్టిన హెడ్ బిగుసుకుపోయి ఉంటే, మీ బలమంతా పైపు గుండా గోడ లోపలికి వెళ్లి, ఏ మర బలహీనంగా ఉందో అక్కడ పని చేస్తుంది. టేపు చుట్టి బిగించిన మర పావు చుట్టు వెనక్కి తిరిగినా దాని పట్టు పోతుంది. మళ్లీ ముందుకు తిప్పినంత మాత్రాన ఆ పట్టు తిరిగి వస్తుందని నమ్మడానికి లేదు. పైగా ఈ పైపు షవర్ కుళాయికి అవతలి వైపున ఉంటుంది కాబట్టి, స్నానం చేస్తున్నంతసేపే అందులో నీరుంటుంది, అప్పుడే కారుతుంది. కుళాయి కట్టేసి నీటి మీటర్ చూసినా ఏమీ తెలియదు. టైల్స్ వెనక నీరు దిగి కింది ఇంట్లో కనబడేదాకా మీ ఇంట్లో అంతా బాగున్నట్టే ఉంటుంది.

స్పానర్ ముట్టుకోక ముందు

ముందుగా తప్పు షవర్‌దేనా అని తేల్చుకోవాలి. ఇరుగుపొరుగు నీళ్లు వాడని వేళ చూసి, 10 లీటర్ల బకెట్ షవర్ కింద పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో లెక్కపెట్టండి. నిమిషంలో నిండితే ఆ ధార స్నానానికి సరిపోతుంది. రెండు నిమిషాలు పడితే నిమిషానికి 5 లీటర్లే వస్తున్నాయన్న మాట. తర్వాత అదే గదిలోని కింది కుళాయి దగ్గరా అలాగే చూడండి. కుళాయి దగ్గర గబగబా నిండి షవర్ దగ్గర మాత్రమే ఆలస్యమైతే హెడ్ మూసుకుపోయిందని అనుకోవచ్చు. రెండూ నీరసంగా ఉంటే హెడ్ విప్పి లాభం లేదు. ఎప్పుడో మరమ్మతు చేసినవారు వాల్వు సగమే తెరిచి వదిలేసి ఉండవచ్చు. పిడి ఉన్న బాల్ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే పిడి పైపు వెంబడే ఉంటుంది, అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే గీజర్ లోపలికి నీరు వెళ్లే దారిని చూడవలసి ఉంటుంది. షవర్ జోలికి వెళ్లకండి.

పై అంతస్తులో ఉన్నవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. నీటి ఒత్తిడి ఎత్తును బట్టి వస్తుంది. ట్యాంకులోని నీటిమట్టం షవర్ కంటే 10 మీటర్లు పైన ఉంటే సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి ఉంటుంది, 3 మీటర్లే పైన ఉంటే 0.3 బార్. ఏ షవర్ హెడ్ కూడా లేని ఒత్తిడిని పుట్టించలేదు, ఉన్న నీటిని చిన్న రంధ్రాల గుండా వేగంగా పంపగలదంతే. వాన కురిసినట్టు పడుతుందని పళ్లెమంత వెడల్పు హెడ్ కొని తెచ్చుకుంటే, అదే నీరు మరింత పలచగా చెదిరిపడుతుంది.

విప్పకుండానే చేయగల పని

హెడ్ మూసుకుపోయిందని తేలితే, విప్పకుండానే శుభ్రం చేయడం అన్నిటికంటే క్షేమం. ఒక ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, హెడ్ అందులో మునిగేలా పైన రబ్బరు బ్యాండుతో కట్టి గంటసేపు ఉంచండి. రంధ్రాల దగ్గర చిన్న బుడగలు లేస్తుంటే సున్నం కరుగుతున్నట్టే. బంగారు రంగు, నల్లరంగు పూతలున్న హెడ్‌ను మాత్రం అరగంటకు మించి ఉంచకండి, పూత చెడుతుంది. తర్వాత రబ్బరు ముక్కులను బొటనవేలితో రుద్ది, వేడినీళ్లు వదిలి కడిగేయండి. చాలా ఇళ్లలో పని ఇంతటితో అయిపోతుంది, గోడలోని పైపుకు ఏ ప్రమాదమూ ఉండదు.

ఇలా కాకపోతేనే విప్పాలి, అదీ ఇంటి యజమానితో చెప్పిన తర్వాతే. పైపు గోడను చేరేచోట టైల్ మీద అంటుకునే మామూలు టేపు చిన్న ముక్క అంటించి, ఆ టేపు నుంచి పైపు దాకా పెన్సిల్‌తో ఒక గీత గీయండి. పైపు వెంట్రుకవాసి తిరిగినా ఆ గీత విరిగినట్టు కనబడుతుంది. రెండు స్పానర్లు కావాలి. ఒకటి పైపు చివర, హెడ్‌కు దగ్గరగా, మందపాటి గుడ్డ చుట్టి గట్టిగా పట్టుకోవడానికి. రెండోది హెడ్ నట్టు తిప్పడానికి. పట్టుకున్న చెయ్యి తిప్పే చెయ్యి కంటే బలంగా ఉండాలి. ఒక్క స్పానరే ఉంటే పని మొదలుపెట్టకండి.

- గోడలోంచి వచ్చే పైపు కదలకూడదు.
- నట్టు రాకపోతే బలం పెంచకండి. వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ చూడండి (బంగారు రంగు, నల్లరంగు పూతలుంటే అరగంటకు మించి వద్దు).
- స్పానర్‌కు పొడవాటి గొట్టం తొడిగి తిప్పకండి.
- నీళ్లు కట్టేందుకు తిప్పే పాత గేట్ వాల్వు (గుండ్రటి పిడి ఉన్నది) తిరగకపోతే దాన్ని అలాగే వదిలేయండి. దాని కాడ విరిగితే భవనమంతటికీ నీళ్లు ఆపవలసి వస్తుంది.
- వెనిగర్ వాడినచోట బ్లీచింగ్ ద్రవం పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.
- హెడ్ లోపలి జాలీని కడిగి మళ్లీ పెట్టండి. రబ్బరు వాషర్ పారేయకండి.
- నీటిని తగ్గించే ప్లాస్టిక్ బిళ్ల తీసేయాలనుకుంటే, వెంటనే వేడిచేసే గీజర్ ఉన్న ఇంట్లో నీళ్లు చల్లబడతాయని తెలుసుకుని తీయండి. బిళ్లను దాచి ఉంచండి.
- మర మీది పాత టెఫ్లాన్ టేపంతా గీకేసి, మర ఎదురుగా నిలబడి గడియారం ముల్లు తిరిగే వైపు మూడు నాలుగు చుట్లు కొత్త టేపు చుట్టండి. చేత్తో బిగించాక స్పానర్‌తో పావు చుట్టు చాలు.
- బిగించేటప్పుడూ పైపును పట్టుకోండి. విప్పేటప్పుడే కాదు, బిగించేటప్పుడూ కదలకూడదు.
- బోరింగ్ పంపు, బూస్టర్ పంపు ఏదైనా సరే, మీ అంతట మీరు పైపుకు తగిలించకండి. తడి నేల మీద కరెంటు పని అది, యజమాని చేయించవలసినది.
- నీరు బయటికి వచ్చే దారి ఎప్పుడూ తెరిచే ఉండేలా చేసిన గీజర్‌కు ఆ దారిలో కుళాయి పెట్టకండి. ఒత్తిడికి ట్యాంకు పగులుతుంది.
- అద్దె ఇల్లు. పాత హెడ్‌ను కాగితంలో చుట్టి దాచండి, మొదలుపెట్టేముందు ఫొటోలు తీసుకోండి.
- పైపు కదిలిందా? అక్కడితో ఆపేయండి. తిరిగి బిగించి ఏమీ కాలేదనుకోకండి.
- అన్నీ సరిగ్గా చేసినా, గోడకు ఆనుకున్న గుండ్రటి మూతను ముందుకు జరిపి, పైపు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి, షవర్ పది నిమిషాలు వదిలి చూడండి. మూడు రోజుల పాటు రోజూ చూడండి.
- కాగితం తడిస్తే ఆ షవర్ వాడడం మానేసి బకెట్‌తో స్నానం చేయండి, ఆ రోజే యజమానికీ కింది ఇంటివారికీ చెప్పండి.