పాత మల్టీమీటర్‌తో కంప్యూటర్ మాట్లాడటం – మూడో పాఠం: కాలిబ్రేషన్ అంకెల్ని బయటికి తీయడం

పోయిన పాఠంలో హెచ్‌పీ 3478ఏ మల్టీమీటర్ వెనకున్న జీపీఐబీ (కొలత పరికరాల్ని కంప్యూటర్‌తో కలిపే పాత పద్ధతి) సాకెట్‌కి యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి, డీ2 ఆదేశంతో మీటర్ తెరమీద మనకు కావలసిన మాట రాయించాం. తెరమీద ఆ అక్షరాలు వచ్చాయంటే వైరు, చిరునామా, అడాప్టర్ మూడూ బాగున్నట్టే. ఇక కాలిబ్రేషన్, అంటే ప్రామాణిక విలువలతో పోల్చి మీటర్‌ని సరిచేయడం, మొదలుపెడదామని తొందరగా ఉంటుంది. ఆగండి. లోపలున్న పాత అంకెలు ఒక ఫైల్లోకి చేరేదాకా ఈ మీటర్ కాలిబ్రేషన్ జోలికి వెళ్లొద్దు.

ఎందుకంటే ఈ మీటర్లో తిప్పి సరిచేసుకునే ప్రీసెట్లు లేవు. ప్రతి రేంజికీ ఎంత కలపాలి, ఎంతతో హెచ్చించాలి అన్నది అంకెల రూపంలో చిన్న మెమరీలో ఉంటుంది. కరెంటు తీసేసినా ఆ మెమరీ నిలబడేది బోర్డుకి టంకం వేసిన 3 వోల్టుల లిథియం బ్యాటరీ మీద. ఇవి 1980ల నాటి మీటర్లు. బ్యాటరీ చచ్చిపోతే అంకెలూ పోతాయి, ఆన్ చేయగానే తెరమీద ‘అన్‌కాలిబ్రేటెడ్’ అని వస్తుంది. ఫైలు దగ్గరుంటే అదే మీటర్లోకి అవే అంకెల్ని తిరిగి రాసుకోవచ్చు. లేకపోతే ప్రామాణిక వోల్టేజీలు, నిరోధాలు, కరెంట్లు అన్నీ సమకూర్చుకుని మొదటి నుంచి కాలిబ్రేట్ చేయడం తప్ప దారి లేదు.

ముందు అడాప్టర్‌ని సిద్ధం చేద్దాం. అడాప్టర్ ప్రోలాజిక్స్ కంపెనీది అయినా, ఆర్డ్యూయినోతో చేసుకునే ఏఆర్488 అయినా దాదాపు ఇవే ఆదేశాలు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. ++సేవ్‌సీఎఫ్‌జీ 0 ప్రోలాజిక్స్‌కి మొదట పంపండి, లేకపోతే ప్రతి చిన్న మార్పునీ అడాప్టర్ తన శాశ్వత మెమరీలో రాసుకుంటూ దాన్ని అరగదీస్తుంది (ఏఆర్488 తనంతట తాను ఏదీ రాసుకోదు, దానికి ఈ ఆదేశం అక్కర్లేదు). తర్వాత ++మోడ్ 1, ++యాడర్ 23 (ఫ్యాక్టరీలో పెట్టే చిరునామా ఇది, మీది మార్చి ఉంటే మీ అంకె వేయండి), ++ఆటో 0, ++ఈఓఐ 1. చివరగా ++ఈఓఎస్ 3. ఇది మరవకండి. మనం పంపేదాని చివర అడాప్టర్ తనంతట తాను ఏ అక్షరమూ తగిలించకుండా ఆపేది ఇదే.

చదివే ఆదేశం డబ్ల్యూ. దాని వెంటనే ఒక బైటు చిరునామా, 0 నుంచి 255 దాకా. ‘1’, ‘0’ అని రెండు అక్షరాలు పంపడం కాదు, పది అనే విలువ ఉన్న ఒకే ఒక్క బైటు పంపాలి. తర్వాత ++రీడ్ అంటే ఒక అక్షరం తిరిగొస్తుంది. అది @ నుంచి ఇంగ్లీషు ఓ దాకా ఉన్న పదహారింట్లో ఒకటి అయి ఉండాలి. దాని కోడ్‌లోంచి 64 తీసేస్తే 0–15 మధ్య అసలు విలువ. ఇలా 256 సార్లు. ఒక్కో జవాబుకి అర సెకను గడువు పెడితే మొత్తానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ సేపంతా ముందు పలక మీది కాల్ ఎనేబుల్ గాడి ఆఫ్‌లోనే ఉండాలి. చదవడానికి అది ఆన్‌లో ఉండనవసరం లేదు, ఆఫ్‌లో ఉంటే పొరపాటున ఏదీ రాయబడదు.

నేను మొదటిసారి చేసినప్పుడు జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. రెండుసార్లు చదివి ఫైళ్లు పోల్చాను. అక్షరం తేడా లేదు. అయినా రెండూ తప్పే. ఆ సంగతి బయటపెట్టింది చెక్‌సమ్, అంటే అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి వాటి పక్కనే దాచిన సరిచూపు అంకె.

చెక్‌సమ్ ఎలా చూడాలంటే, చిరునామా 0ని పక్కన పెట్టండి, అది ఏ రికార్డుకీ చెందదు. 1 నుంచి పదమూడేసి విలువలు ఒక్కో రికార్డు, మొత్తం 19. రికార్డులో మొదటి ఆరు ఆఫ్‌సెట్ (ఎంత కలపాలి), తర్వాతి ఐదు గెయిన్ (ఎంతతో హెచ్చించాలి), చివరి రెండు చెక్‌సమ్. మొదటి పదకొండింటినీ కూడండి. చివరి రెండింట్లో ముందుదాన్ని 16తో హెచ్చించి రెండోది కలపండి. రెండు మొత్తాలూ కలిసి 255 రావాలి. ఉదాహరణకి ఆఫ్‌సెట్ 0, 0, 0, 0, 2, 1. గెయిన్ 2, 12, 3, 1, 14. చివరి రెండు 13, 12 అనుకోండి. మొదటి పదకొండూ కూడితే 35. పదమూడు పదహార్లు 208, దానికి 12 కలిపితే 220. 35, 220 కలిస్తే 255. ఈ రికార్డు బాగుంది. మొత్తం 19లో ఆరోది, పదిహేడోది, పంతొమ్మిదోది మీటర్ వాడదు, అక్కడ లెక్క కుదరకపోయినా కంగారు పడకండి.

నా ఫైల్లో మొదటి, మూడో, నాలుగో రికార్డులు కుదరలేదు. అంటే డీసీ 30 మిల్లీవోల్టులు, 3 వోల్టులు, 30 వోల్టుల రేంజిలు. మీటర్ మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా చక్కగా పనిచేస్తోంది. మెమరీ పాడై ఉంటే ఆన్ చేయగానే చెప్పేది కదా. కాబట్టి తప్పు దారిలోనే ఎక్కడో జరిగి ఉండాలి. చిరునామాలు కాగితం మీద రాసుకుంటూ పోతే దొరికింది. అడాప్టర్‌కి నాలుగు బైట్లు ప్రత్యేకం: 10, 13, 27, 43. లైన్‌ఫీడ్, క్యారేజ్ రిటర్న్, ఎస్కేప్, ప్లస్ గుర్తు. ఇవి ఒంటరిగా వస్తే తనకు చెప్పిన మాటే అనుకుని మింగేస్తుంది, మీటర్‌కి పంపదు. 10, 13 మొదటి రికార్డులో ఉన్నాయి, 27 మూడోదానిలో, 43 నాలుగోదానిలో. ఆ చోట్ల మీటర్‌కి చిరునామా చేరనే లేదు, ఏదో ఒక విలువ వచ్చింది, రెండుసార్లూ అదే వచ్చింది. అందుకే పోలిక దాన్ని పట్టలేకపోయింది.

మందు సులువే. ఆ నాలుగు చిరునామాలకీ ముందు ఒక 27 బైటు చేర్చి పంపండి (27కి అయితే 27, 27). అప్పుడు అడాప్టర్ దాన్ని మామూలు బైటుగా మీటర్‌కి అందిస్తుంది. చివర ఆదేశం ముగిసిందని అడాప్టర్‌కి చెప్పే లైన్‌ఫీడ్‌కి మాత్రం 27 చేర్చొద్దు. ఇంకో మాట: జవాబు రాకపోయినా, @–ఓ బయట ఏదైనా వచ్చినా మీ ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోవాలి. ఖాళీని సున్నాగానో, పాత విలువగానో సర్దుకుని ముందుకెళ్లే ప్రోగ్రాం రాయకండి.

చెక్‌సమ్‌లు కుదిరాక ఫైలు పేరులో మీటర్ సీరియల్ నంబరు, తేదీ పెట్టి రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఒక మీటర్ అంకెలు ఇంకో మీటర్‌కి పనికిరావు, కాబట్టి నంబరు లేని ఫైలు ఎవరిదో తెలియని కళ్లజోడు లాంటిది. కాగితం మీద అచ్చువేసి మీటర్ పెట్టె లోపల మడిచి పెట్టినా తప్పులేదు, నేను అలాగే చేశాను.

తర్వాతి పాఠానికి ముందు ఒక పని చేయండి. మీ ఫైల్లోంచి రెండో రికార్డు, అంటే 14 నుంచి 26 దాకా ఉన్న పదమూడు అక్షరాలు తీసుకుని, ప్రోగ్రాం లేకుండా చేత్తోనే 255 వచ్చేదాకా లెక్క చేయండి. వచ్చే పాఠంలో ఇన్‌పుట్ టెర్మినళ్లు రెండింటినీ రాగి తీగతో కలిపి, కంప్యూటర్ చేత ఒక గంటసేపు రీడింగులు రాయించి, మీటర్ వేడెక్కుతుంటే సున్నా ఎటు జరుగుతుందో చూద్దాం.