పై పెచ్చు ఊడిపోయిన మూడు కాళ్ల ముక్క ఏమిటో కనిపెట్టడం

ఖమ్మంలో నాది చిన్న రిపేరు షాపు. మొన్నొక సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ వచ్చింది, 12 వోల్టులది. విప్పితే సగం బియ్యపు గింజంత ఎలక్ట్రానిక్ ముక్క ఒకటి పగిలి ఉంది. మూడు కాళ్లున్నాయి గానీ, మీద రాసిన అక్షరాలు పెచ్చుతోపాటే ఎగిరిపోయాయి. ఇలాంటప్పుడు నేనేం చేస్తానో చెబుతా.

ముందు ప్రాణం సంగతి. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. దాన్ని రెసిస్టర్‌తో గాని, హోల్డర్‌కు వైర్లు కట్టిన ఫిలమెంట్ బల్బుతో గాని ఖాళీ చేసి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

అక్షరాలు మిగిలి ఉంటే పని సులువే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సుద్దముక్క రుద్ది వేలితో దులిపేయండి. టార్చి పక్కనుంచి వేసి ఫోన్ కెమెరా జూమ్ చేస్తే గీతలు తేలతాయి. ముక్క చిన్నది కాబట్టి పూర్తి పేరు పట్టదు, కోడ్ మాత్రమే ఉంటుంది. జే3వై అంటే ఎస్8050 ట్రాన్సిస్టర్, 2టీవై అంటే ఎస్8550 ట్రాన్సిస్టర్, ఏ7 అంటే జంట డయోడ్ బీఏవీ99. కాకపోతే ఒకే కోడ్‌ను వేర్వేరు కంపెనీలు వేర్వేరు ముక్కలకు వాడతాయి. అందుకే కోడ్ చెప్పింది చుట్టూ ఉన్న సర్క్యూట్‌కు అతకాలి. మీటర్ డయోడ్ మోడ్‌నూ గుడ్డిగా నమ్మకండి: ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్, యానోడ్లు కలిసిన జంట డయోడ్ రెండూ ఒకేలా చదువుతాయి.

నా దాంట్లో అక్షరాలే లేవు. బోర్డు మీద పక్కన అచ్చేసిన పేరు చూశా. క్యూ అని ఉంటే ట్రాన్సిస్టర్, డీ అని ఉంటే డయోడ్ అనుకునేవాణ్ణి. అక్కడ ఐసీ2 అని ఉంది. మూడు కాళ్లకే ఐసీ అన్నారంటే రెగ్యులేటరో, రిఫరెన్సో (పోల్చుకోవడానికి కచ్చితమైన వోల్టేజీ ఇచ్చేది) అయ్యుండాలి.

తర్వాత మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కో కాలూ ఎటు పోతోందో వెతికా. ఒక పక్కన ఒంటరిగా ఉన్న కాలు అవుట్‌పుట్ గ్రౌండ్‌కు. రెండోది 817 ఆప్టోకప్లర్ (వెలుగు ద్వారా సిగ్నల్ దాటించే ముక్క) రెండో పిన్నుకు. మూడోది రెండు రెసిస్టర్లు కలిసే చోటికి: పైది 393, అంటే 39కె (కిలో ఓములు), 12 వోల్టుల లైను నుంచి వస్తోంది, కిందిది 103, అంటే 10కె, గ్రౌండ్‌కు పోతోంది. ఇక్కడే నా అనుమానం తీరిపోయింది. ఇలాంటి చోట వాడే టీఎల్431 అనే ఐసీ రిఫరెన్సు 2.5 వోల్టులు. 10కె మీద 2.5 ఉంటే మొత్తం 49కె మీద 2.5 × 4.9, అంటే 12.25. అడాప్టర్ మీద రాసింది 12. లెక్క కుదిరిందంటే ముక్క దొరికినట్టే.

అయినా ఒక పొరపాటు చేశా. కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న స్ట్రిప్‌లోంచి 431 తీసి వేస్తే వోల్టేజీ నిలకడగా రాలేదు. గంటసేపు ఆప్టోను తిట్టుకున్నా. ఒంటరి కాలు (అది యానోడ్) పైకి వచ్చేలా పట్టుకుంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఎల్431కు కింద ఎడమ కాలు క్యాథోడ్, కుడిది రిఫరెన్సు. వాళ్లదే టీఎల్432కు అవి తారుమారు. మరికొన్ని కంపెనీలైతే 431 అని రాసే తారుమారుగా ఇస్తాయి! నా స్ట్రిప్ అలాంటిదే.

ఇప్పుడు బోర్డుకు అతికించే ముందే పరీక్షిస్తున్నా. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి 1కె ద్వారా క్యాథోడ్‌కు, యానోడ్ మైనస్‌కు. క్యాథోడ్‌కూ యానోడ్‌కూ మధ్య రెండు 10కె రెసిస్టర్లు వరుసగా కట్టి, వాటి నడిమి అతుకును రిఫరెన్సుకు కలపండి. క్యాథోడ్ దగ్గర 5 వోల్టులొస్తే కాళ్లు మీరనుకున్నట్టే ఉన్నాయి. రాకపోతే క్యాథోడ్, రిఫరెన్సు కాళ్లు రెండూ మార్చి చూడండి.

పేరు లేని ముదురు గోధుమరంగు కెపాసిటర్లకు కోడ్ వెతకడం దండగ. అదే రకం మంచి బోర్డు దొరికితే దానిలోంచి ఊడదీసి కొలుచుకోవడమే.

సరైన ముక్క వేసి, ఆప్టో కూడా మార్చేసి (పది రూపాయలకు ఎవడు ఆలోచిస్తాడు), 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేశా. మీటర్ మీద 12.2.